రోజూ నడుస్తున్నా బరువు కదలట్లేదు, వాచీ చూపించే కేలరీలు ఎంతవరకు నమ్మాలి?

తెల్లారినడక
రోజూ పొద్దున 65 నిమిషాలు, 5.5 కిలోమీటర్లు. అంతా చదును దారే, ఎత్తుపల్లాలు లేవు. ఆ ఒక్క నడకకే వాచీ 390 కేలరీలు చూపిస్తోంది. తిండి రాసుకునే యాప్ నాకు రోజుకి 1500 లక్ష్యం పెట్టింది. వాచీ నుంచి వచ్చిన 390 దానికి కలిపేసి "ఈరోజు 1890 తినొచ్చు" అంటోంది. సరిగ్గా అంతే తింటున్నా, ప్రతిదీ గ్రాముల్లో తూచి రాస్తున్నా. బరువు మాత్రం 72 కిలోల దగ్గరే ఆగిపోయింది. వయసు 41, ఎత్తు 162 సెం.మీ., స్త్రీని (లెక్కలకి కావాలేమోనని చెప్తున్నా). థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. తప్పు వాచీదా, యాప్‌దా, నా ఒంటిదా?

గాలిపటం9
వాచీదే. ఇంకేం అనుమానం వద్దు.

నిదానమే
వాచీ కాదు, యాప్ కాదు. నడకతో బరువు తగ్గరండీ. నడక గుండెకి, షుగర్‌కి, నిద్రకి మంచిది. బరువు తగ్గేది కంచం దగ్గరే. గంట నడిచి ఖర్చు చేసింది తినేయడానికి ఐదు నిమిషాలు చాలు.

లెక్కలపెట్టె
తెల్లారినడక గారూ, జవాబు మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. విడదీసి చూద్దాం.

చదును నేల మీద నడకకి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల సూత్రం ఒకటుంది. నిమిషానికి ఎన్ని మీటర్లు నడుస్తున్నారో ఆ అంకెని 0.1తో గుణించి, 3.5 కలపాలి. వచ్చేది, కిలో బరువుకి నిమిషానికి ఒళ్లు వాడే ఆక్సిజన్, మిల్లీలీటర్లలో. ఆ 3.5 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేదే. నడక వల్ల అదనంగా అయ్యేది మొదటి ముక్క మాత్రమే. లీటరు ఆక్సిజన్‌కి సుమారు 5 కేలరీలు. మొత్తం కుదిస్తే గుర్తుంచుకోవడానికి చాలా సులువైన లెక్క వస్తుంది: ఒక కిలో బరువుని ఒక కిలోమీటరు మోస్తే అర కేలరీ.

మీకు 72 × 5.5 × 0.5 = 198.

ఇక విశ్రాంతి ఖర్చు. 1990 నాటి మిఫ్లిన్ - సెయింట్ జోర్ సూత్రం స్త్రీలకి ఇలా: 10 × బరువు + 6.25 × ఎత్తు − 5 × వయసు − 161. మీకు 720 + 1012.5 − 205 − 161, దాదాపు 1367. గంటకి 57. అంటే ఆ 65 నిమిషాలూ మంచం దిగకపోయినా 62 కేలరీలు పోయేవే.

198 + 62 = 260. వాచీ 390 అంటోంది. అందులో 62 రెండుసార్లు లెక్కకొచ్చాయి, ఎందుకంటే యాప్ పెట్టిన 1500లో మీ విశ్రాంతి ఖర్చు ముందే ఉంది. మిగతా 130 వాచీ ఎక్కువ చూపించింది.

అసలు సంగతి ఇప్పుడు చూడండి. కూర్చుని చేసే పని అనుకుంటే, నడక లేని రోజున మీ మొత్తం ఖర్చు 1367 × 1.25, సుమారు 1700. యాప్ 1500 అందంటే 200 లోటు పెట్టింది. నడక కలిస్తే ఖర్చు 1900. మీరు తింటున్నది 1890. ఇంక బరువు ఎక్కడికి కదులుతుంది? మీ ఒంట్లో ఏ లోపమూ లేదు, అది లెక్క తప్పకుండా పనిచేస్తోంది.

(మిఫ్లిన్ సూత్రం సగటుకి సంబంధించింది. మనిషి మనిషికీ 10 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. కాబట్టి ఈ అంకెల్ని దారి చూపడానికే వాడండి.)

తెల్లారినడక
1900, 1890... ఇంత దగ్గరగా వస్తుందని అస్సలు అనుకోలేదు. అయితే ఆ 390లో ఎంత తినొచ్చు? సగం తినమని చాలా చోట్ల రాశారు.

గాలిపటం9
అవును, సగం తినడం సేఫ్.

లెక్కలపెట్టె
ఆవిడ విషయంలో సగం కూడా వద్దంటాను. 1500 తిని నడక కొనసాగిస్తే లోటు 400. విశ్రాంతి ఖర్చు 1367 కన్నా తిండి పైనే ఉంది. ఇబ్బంది లేని లోటు అది. సగం సూత్రం పనికొచ్చేది రోజుకి 12, 15 కిలోమీటర్లు నడిచేవాళ్లకి. అంత నడిచి తిరిగి ఏమీ తినకపోతే నీరసం, చిరాకు, నిద్ర చెడటం, చివరికి ఒకరోజు ఆకలికి తట్టుకోలేక రెట్టింపు తినడం. ఒక గంట నడకకి ప్రత్యేకంగా తిండి కలపక్కర్లేదు.

యాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి వాచీ కేలరీలు లక్ష్యానికి కలిపే ఆప్షన్ ఆపేయండి. అడుగులు మాత్రం రానివ్వండి.

సెన్సార్‌మామ
ఆ 130 ఎక్కడినుంచి వచ్చాయో నాకు అనుమానం ఉంది. తెల్లారినడక గారు, నడిచేటప్పుడు గుండె వేగం ఎంత చూపిస్తోంది? గ్రాఫ్ ఎత్తులు పల్లాలతో ఉందా, గీత గీసినట్టు ఒకే దగ్గర ఉందా? అడుగులు ఎన్ని?

తెల్లారినడక
అడుగులు 8,200 చిల్లర. గుండె వేగం మొదటి రెండు మూడు నిమిషాల తర్వాత 125 నుంచి 128 మధ్యే, చివరిదాకా దాదాపు గీతే. వాచీ కాస్త వదులుగా, మణికట్టు ఎముక మీదే పెట్టుకుంటా.

సెన్సార్‌మామ
అనుకున్నదే. 8,200ని 65తో భాగించండి. నిమిషానికి 126 అడుగులు. మీ గుండె వేగమూ 126. వాచీ మీ నాడిని కాదు, మీ అడుగుల్ని లెక్కపెడుతోంది.

ఎలా జరుగుతుందంటే, వాచీ కింద పచ్చ దీపాలు ఉంటాయి. చర్మం లోపల రక్తం పొంగి తగ్గినప్పుడల్లా తిరిగొచ్చే వెలుతురు మారుతుంది. ఆ మార్పుని లెక్కేసి నాడి అంటుంది. పట్టీ వదులుగా ఉంటే చెయ్యి ఊగినప్పుడల్లా వాచీ చర్మం మీద కదులుతుంది, ఆ కదలికకీ వెలుతురు మారుతుంది. నడకలో చెయ్యి ఊపు చాలా క్రమంగా ఉంటుంది కాబట్టి వాచీ దాన్నే పట్టుకుని నాడి అనుకుంటుంది. గుండె వేగం ఎక్కువ కనిపిస్తే కేలరీలూ ఎక్కువ వేస్తుంది.

చేయాల్సింది:
వాచీని మణికట్టు ఎముక మీంచి మోచేతి వైపు రెండు వేళ్ల వెడల్పు పైకి జరపండి. పట్టీ కింద వేలు కష్టంగా దూరేంత బిగువు చాలు, మచ్చ పడేంత వద్దు. నడక అయ్యాక మళ్లీ వదులు చేసుకోండి. చలిలో అయితే చేతులు వెచ్చబడ్డాకే అంకె నమ్మండి, చల్లటి చర్మంలో రక్తం సరిగా ఆడదు. సెన్సార్ కింద పచ్చబొట్టు ఉంటే ఆ చేతికి వద్దు.

సరిచూసుకోవడానికి: నడక మధ్యలో టక్కున ఆగి, మెడ పక్కనో మణికట్టులోనో వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగిన వెంటనే చేయాలి. నిమిషం ఆగితే నాడి దిగిపోతుంది, పోలిక చెడుతుంది.

బాటసారి_2
మామ గారి పోస్టుకి ఒక చేర్పు. సెన్సార్ సరిగ్గా నాడి పట్టినా కేలరీలు సరిగ్గా వస్తాయని కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల చేతి పరికరాల్ని పరీక్షించారు. గుండె వేగంలో ఆరు పరికరాల పొరపాటు 5 శాతం లోపే. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా చెత్తది 93 శాతం. ఆ తర్వాత పరికరాలు మారాయి కానీ మూల సమస్య అలాగే ఉంది, వాచీ కేలరీలని కొలవదు. నాడి, చేతి కదలిక, మనం ఇచ్చిన వయసు బరువుల నుంచి ఊహిస్తుంది.

గుండె వేగం పెరగడానికి నడక ఒక్కటే కారణం కాదు. ఎండ, ఒంట్లో నీళ్లు తగ్గడం, కాఫీ, కంగారు, నిద్రలేమి, వీటన్నిటికీ నాడి పెరుగుతుంది, ఖర్చు ఆ లెక్కన పెరగదు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి దీనికి తలకిందులు. నాడి పెరగదు, వాచీ తక్కువ చూపిస్తుంది.

వాననీరు
కేలరీలు వదిలేయండి, అడుగులైనా సరిగ్గా లెక్కపెడుతుందా? నాకు ట్రాలీ తోసినంతసేపూ ఒక్క అడుగు పడదు.

సెన్సార్‌మామ
పడదు. లోపల ఉన్నది మూడు దిశల్లో కదలికని పట్టే యాక్సిలరోమీటర్. చెయ్యి ఊపులో క్రమం కనిపిస్తేనే అడుగు అంటుంది. చెయ్యి ట్రాలీ మీదో, పిల్లల బండి మీదో, ట్రెడ్‌మిల్ కడ్డీ మీదో కదలకుండా ఉంటే దానికి మీరు నిలబడినట్టే. జేబులో చెయ్యి పెట్టి నడిచినా, ఫోన్ చెవి దగ్గర పట్టుకుని నడిచినా అంతే. మరీ నెమ్మది నడకలోనూ, అంటే గంటకి 3 కిలోమీటర్ల లోపు, కాళ్లీడ్చే నడకలోనూ చాలా అడుగులు జారిపోతాయి. పెద్దవాళ్లకి వాచీ కన్నా నడుముకి తగిలించేదో, ప్యాంటు ముందు జేబులో ఫోనో నయం.

ఎదురు తప్పులూ ఉన్నాయి. చప్పట్లు, బట్టలు ఉతకడం, పిండి కలపడం, గతుకుల రోడ్డు మీద బండి. చాలా పరికరాలు వరసగా ఓ పది అడుగులైనా క్రమంగా వస్తేనే లెక్క మొదలుపెడతాయి. అందుకే ఇంట్లో రెండడుగులు వేసి ఆగే పనులు కొన్ని జారిపోతాయి.

ఇంకోటి, ఫోనూ వాచీ రెండూ ఒకే యాప్‌కి అడుగులు పంపుతుంటే కొన్ని యాప్‌లు రెండూ కూడేస్తాయి. ఒకరోజు అడుగులు అనుమానంగా రెట్టింపు కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. ఒక్క మూలం ఉంచి రెండోది ఆపేయండి.

వాననీరు
ముందు జేబు చిట్కా బావుంది, రేపే చూస్తా.

అడుగుజాడ
దూరం కూడా సరిచూసుకోవాలి, మన అర కేలరీ లెక్క దాని మీదే నిలబడింది కదా. జీపీఎస్ లేని బ్యాండ్లు ఎత్తుని బట్టి అడుగు పొడవు ఊహిస్తాయి, ఎత్తులో దాదాపు 41 శాతం. సెటప్‌లో ఎత్తు తప్పు కొడితే అన్ని దూరాలూ తప్పే.

కొలవడం తేలిక. అథ్లెటిక్ ట్రాక్‌లో అన్నిటికన్నా లోపలి లైన్ ఒక చుట్టు 400 మీటర్లు. బయటి లైన్లలో కాదు, ఎనిమిదో లైన్‌లో 450 దాటుతుంది. రోజూ నడిచే వేగంతోనే ఒక చుట్టు, అడుగులు మనసులో లెక్కపెడుతూ. 600 అడుగులు వస్తే 400 ÷ 600, అడుగు 67 సెంటీమీటర్లు. ఆ అంకె యాప్‌లో ఇవ్వండి. వేగం పెరిగితే అడుగు పొడవు కూడా పెరుగుతుంది కాబట్టి షికారు నడకకి, చురుకు నడకకి వేరే వేరే వస్తాయి.

తెల్లారినడక గారి 5.5 కి.మీ., 8,200 అడుగులు అంటే అడుగు 67. ఎత్తు 162కి సరిపోయింది. ఆవిడ దూరం నమ్మొచ్చు.

మెట్లదారి
పదివేల అడుగుల గురించి ఎవరూ అడగలేదు, ఆశ్చర్యం.

బాటసారి_2
అడిగారు అనుకుందాం :) ఆ అంకె ఏ పరిశోధన నుంచీ రాలేదు. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకి కట్టుకునే అడుగుల మీటర్ అమ్మింది, దాని పేరులోనే పదివేలు ఉంది. చెప్పుకోవడానికి తేలిక కాబట్టి నిలిచిపోయింది. 2019లో వచ్చిన అమెరికా అధ్యయనంలో సగటున 72 ఏళ్ల స్త్రీలలో రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్లకే, 2,700 వేసేవాళ్లతో పోలిస్తే మరణాల రేటు చాలా తక్కువ కనిపించింది. లాభం 7,500 దాకా పెరిగి అక్కడ చదునైంది. అది ఆయుష్షు లెక్క, బరువు లెక్క కాదు. బరువుకి అడుగులు ఎన్ని ఎక్కువైతే ఖర్చు అంత ఎక్కువ, మధ్యలో మాయ గీత ఏదీ లేదు.

ఇప్పుడు 3,500 వేసేవాళ్లు రేపటినుంచి 10,000 అనుకోవద్దు. వారం రోజులు ఏమీ మార్చకుండా మామూలుగా తిరిగి సగటు తీయండి. దానికి 1,500 కలిపి రెండు వారాలు. నిలబడితే మళ్లీ 1,500.

నిదానమే
మళ్లీ నా మాటకే వస్తా. 198 కేలరీలు రోజుకి, వారంలో ఆరు రోజులు, 1,188. కిలో కొవ్వుకి 7,700 అంటారు. కిలో తగ్గడానికి ఆరున్నర వారాలు. అదీ ఒక్క ముద్ద ఎక్కువ తినకుండా ఉంటే. పైగా అమెరికా పరిశోధకుడు హర్మన్ పాంట్జర్ టాంజానియాలోని హాడ్జా వేటగాళ్ల మీద చేసిన పని చూడండి. రోజంతా తిరిగే వాళ్ల మొత్తం ఖర్చు, ఒంటి పరిమాణం సర్దుబాటు చేశాక, కుర్చీలో కూర్చునే వాళ్లకన్నా పెద్దగా ఎక్కువేం లేదు. ఒకవైపు ఖర్చు పెంచితే ఒళ్లు ఇంకోవైపు తగ్గించుకుంటుంది. ఇదంతా తెలిసీ జనానికి నడక ఆశ చూపించడం ఎందుకు?

లెక్కలపెట్టె
నిదానమే గారు, ఆరున్నర వారాల లెక్క నిజమే, ఒప్పుకుంటున్నా. 7,700 అనేది కూడా ఎల్లకాలం నిలిచే అంకె కాదు, బరువు తగ్గేకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది. తెల్లారినడక గారు 65 కిలోలకి వస్తే అదే 5.5 కిలోమీటర్లకి 198 కాదు, 179 మాత్రమే.

కానీ పాంట్జర్ పని నుంచి మీరు తీస్తున్న ముగింపుకి నేను రాను. ఆయన చెప్పింది ఖర్చు అనంతంగా పెరగదని. నడకకి ఖర్చు సున్నా అని కాదు. తిండి లోటు 200 ఉన్నచోట నడక ఇంకో 150 కలిపినా లోటు దాదాపు రెట్టింపే కదా. ఆ 150ని కంచంలోంచి తీయాలంటే మనిషికి ఆకలి తెలుస్తుంది. 1500 తినేవాళ్లని 1350కి దించడం కన్నా నడిపించడం చాలామందికి తేలిక.

తూకంరాయి
నిదానమే గారికి ఇంకో వైపునుంచి జవాబు. అమెరికాలో 1994 నుంచి నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ అని ఒకటుంది. కనీసం 13 కిలోలకి పైగా తగ్గి, ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్లనే చేర్చుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది రోజుకి సుమారు గంట ఏదో ఒక వ్యాయామం చేస్తారు, అందులో అందరికన్నా ఎక్కువమంది చేసేది నడకే. తగ్గించడంలో తిండి పెద్దన్న, తగ్గినది నిలబెట్టడంలో నడక పెద్దన్న. రెండూ వేరే పనులు.

అలాగే వాచీ ఉంటే చాలు తగ్గిపోతాం అనుకునేవాళ్లకి: 2016లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ట్రయల్ ఒకటి వచ్చింది. అందరికీ తిండి, వ్యాయామం సలహాలు ఇచ్చి, వాళ్లలో సగం మందికి వాటితో పాటు చేతికి ట్రాకర్ కూడా కట్టారు. రెండేళ్లకి ట్రాకర్ కట్టుకున్నవాళ్లు 3.5 కిలోలు, కట్టుకోనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు.

గాలిపటం9
అంటే వాచీ కట్టుకుంటే నష్టమా!

తూకంరాయి
కారణం ఆ ట్రయల్ తేల్చలేదు. కానీ ఈ దారం మొదటి పోస్టు చూడండి, ఒక మార్గం అక్కడే కనిపిస్తోంది. వాచీ "సంపాదించావు" అంటుంది, మనం తింటాం.

నిదానమే
నిలబెట్టుకోవడం గురించి చెప్పింది ఒప్పుకుంటా. తగ్గించడంలో మాత్రం కంచమే ముందు.

వాననీరు
కొవ్వు కరిగే జోన్‌లో నడవాలి అంటారే, వాచీలో పసుపు రంగులో వస్తుంది. ఖాళీ కడుపుతో అయితే ఇంకా మంచిదట?

బాటసారి_2
రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. నెమ్మది నడకలో ఖర్చయ్యే దాంట్లో కొవ్వు శాతం ఎక్కువ, నిజమే. కానీ మొత్తం ఖర్చే తక్కువ. ఖాళీ కడుపుతో నడిస్తే ఆ గంటలో కొవ్వు ఎక్కువ వాడతాం, తర్వాత తిన్నాక ఆ రోజు మిగతా గంటల్లో తక్కువ వాడతాం. రోజు మొత్తంలో తేడా కేలరీల లోటుదే. తిన్నాక నడిస్తే మటుకు ఇంకో లాభం ఉంది, భోజనం తర్వాత పెరిగే షుగర్ దిగుతుంది. ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాలు చాలు.

మెట్లదారి
వేగం సంగతి చెప్పండి. ఐదున్నర కిలోమీటర్లు గంటన్నరలో నడిచినా, గంటలో నడిచినా ఒకటేనా?

లెక్కలపెట్టె
మామూలు వేగాల్లో, అంటే గంటకి 3 నుంచి 6 కిలోమీటర్ల మధ్య, కిలోమీటరు ఖర్చు దాదాపు ఒకటే. వేగం వల్ల మిగిలేది సమయం, అదే గంటలో ఎక్కువ దూరం పోతారు. 6 దాటాక మాత్రం నడక ఖరీదవుతుంది, 7 దగ్గరకొచ్చేసరికి ఒళ్లే పరుగెత్తమంటుంది. ఎందుకంటే అక్కడినుంచి నడవడం కన్నా పరుగే చవక.

వేగం కన్నా ఎత్తు చాలా బలమైనది. అదే సూత్రంలో ఎక్కుడుకి 1.8 × వేగం × వాలు అని ఇంకో ముక్క ఉంది. నిమిషానికి 80 మీటర్ల వేగంతో చదునులో నడక భాగం 8. 5 శాతం ఎక్కుడు పెడితే దానికి 7.2 కలుస్తుంది. దాదాపు రెట్టింపు, అడుగు వేగం పెంచకుండానే.

అడుగుజాడ
ట్రెడ్‌మిల్ వాళ్లు ఇది విని వాలు 10 పెట్టి కడ్డీ పట్టుకుని వెనక్కి వాలి నడుస్తారు. అప్పుడు ఎక్కుడు పనిలో పెద్ద భాగం చేతులు మోసేస్తాయి, తెర మీద అంకె మాత్రం మారదు. కడ్డీ వదిలి నడవగలిగినంత వాలే మీ వాలు. తెర మీద కేలరీలు చూసే ముందు యంత్రానికి మీ బరువు ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే తనకి తోచిన బరువుతో లెక్కేస్తుంది.

ఫిజియో_చినుకు
వాలు, వేగం పెంచేముందు పాదాల మాట. ఈ దారం చదివి రేపే గంట మొదలుపెట్టేవాళ్లు ఉంటారని రాస్తున్నా.

పొద్దున మంచం దిగి మొదటి అడుగులు వేసినప్పుడు మడమ కింద సూది గుచ్చినట్టు నొప్పి, నాలుగడుగులు వేశాక తగ్గడం. ఇది అరికాలి కింది పట్టీ (ప్లాంటర్ ఫాసియా) మొరాయిస్తోందని చెప్పే గుర్తు. "నడిస్తే తగ్గుతోంది కదా" అని దూరం పెంచితే నెలల తరబడి కూర్చోబెడుతుంది. దూరం సగానికి తగ్గించండి, ఎక్కుడు దారి మానండి, గట్టి నేల మీద ఒట్టి కాళ్లతో తిరగొద్దు, పిక్కలు సాగదీయండి, ఒక్కోసారి 30 సెకన్లు, రోజుకి మూడుసార్లు. మోకాలు ముందు నొప్పి అయితే సాధారణంగా దిగుడు దారిలో, మెట్లు దిగేటప్పుడు ఎక్కువవుతుంది. మెట్లు ఎక్కండి, దిగేటప్పుడు లిఫ్ట్ వాడండి.

షూ సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడి చూస్తే పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్లకి లోపలి మెత్తదనం చచ్చిపోతుంది, పైన కొత్తగా కనిపించినా సరే. రోజుకి 5.5 అంటే మూడు నుంచి ఐదు నెలలు.

ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే సల్ఫోనైల్‌యూరియా మాత్రలు గానీ వాడేవాళ్లు నడక పెంచే ముందు డాక్టర్‌తో మోతాదు మాట్లాడండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. నడిచేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే ఆగి వెంటనే వైద్యం. దాన్ని గ్యాస్ అనుకోవద్దు.

ఇంకా, వారంలో రెండు రోజులు బలం వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకు నడక స్థాయి శ్రమతో పాటు ఇదీ ఉంది. నడక ఒక్కదానితో తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది.

గాలిపటం9
చురుకు నడక అంటే ఎంత?

ఫిజియో_చినుకు
మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అడుగుల్లో అయితే నిమిషానికి సుమారు 100. తెల్లారినడక గారు 126లో ఉన్నారు, బాగా చురుకే.

తూకంరాయి
బరువు చూసే పద్ధతి కూడా చెప్పకపోతే పదిరోజుల్లో మళ్లీ "కదలట్లేదు" అని పోస్టు వస్తుంది.

ఒళ్లు ఒక్కరోజులో కిలో, కిలోన్నర అటూ ఇటూ ఊగుతుంది. ఉప్పు ఎక్కువైతే నీళ్లు పట్టుకుంటుంది. కండలో దాచుకునే పిండి పదార్థం ప్రతి గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని వెంట ఉంచుకుంటుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా, ఎక్కుడు దారి మొదలుపెట్టినా కండలు నొప్పి పెట్టి రెండు వారాలు నీళ్లు నిలుస్తాయి. ఆ రెండు వారాల్లో అర కిలో కొవ్వు పోయినా మిషన్ మీద కనిపించదు. చాలామంది మానేసేది సరిగ్గా అప్పుడే, దానికే నాకు బాధ.

రోజూ పొద్దున, బాత్రూం అయ్యాక, ఏదీ తినక తాగకముందు, గట్టి గచ్చు మీద. కార్పెట్ మీద మిషన్ తప్పు చెప్తుంది. ఏడు రోజుల సగటు తీసి, దాన్ని పోయిన వారం సగటుతోనే పోల్చండి. నెలసరి ఉన్నవాళ్లు వారంతో వారం కూడా కాదు, పోయిన నెల అదే వారంతో పోల్చాలి. నడుము చుట్టుకొలత రెండు వారాలకోసారి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు, మామూలుగా ఊపిరి వదిలాక.

ఈ సగటులతో వాచీని మీ ఒంటికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు. ఉదాహరణకి 28 రోజుల్లో సగటు తిండి 1,750, సగటు బరువు 0.4 కిలో తగ్గింది అనుకోండి. 0.4 × 7,700 ÷ 28 = 110. అసలు ఖర్చు 1,750 + 110 = 1,860. అదే 28 రోజులకి వాచీ రోజు మొత్తం ఖర్చు సగటున 2,240 అని ఉంటే, 1,860 ÷ 2,240 = 0.83. ఇకమీద వాచీ మొత్తాన్ని 0.83తో గుణించుకోండి. వాచీ తప్పు చెప్పినా రోజూ ఒకేలా తప్పు చెప్తే పనికొస్తుంది. వాచీ మార్చినా, పట్టీ జాగా మార్చినా లెక్క మళ్లీ మొదటినుంచి.

లెక్కలపెట్టె
తూకంరాయి గారి పద్ధతే అసలైనది. నేను మొదట ఇచ్చిన సూత్రాలు మొదలుపెట్టడానికి, ఇది నడపడానికి. ఒక జాగ్రత్త, తిండి రాతలో వదిలేసినవి ఉంటే ఈ భాగహారమంతా వంకరపోతుంది. అన్నిటికన్నా ఎక్కువ జారిపోయేది నూనె. పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు, 120 కేలరీలు. సీసాలోంచి పోసేముందూ, పోశాకా సీసానే తూచండి.

తెల్లారినడక
పట్టీ రెండు వేళ్లు పైకి జరిపి బిగించి నడిచాను. గుండె వేగం 104 నుంచి 112 మధ్య తిరిగింది, గ్రాఫ్ ఇప్పుడు గీతలా లేదు. మధ్యలో ఆగి మెడ దగ్గర లెక్కపెడితే 15 సెకన్లకి 27, అంటే 108. అదే దూరానికి వాచీ ఈసారి 290 వేసింది. యాప్‌లో కేలరీలు కలిపేది ఆపేశాను, 1500 దగ్గరే ఉంటాను. నూనె సీసా తూచడం ఇవాళ్టినుంచి.

సెన్సార్‌మామ
390 నుంచి 290, ఒక్క పట్టీతో. లెక్కలపెట్టె గారు వేసిన 260కి దగ్గరికొచ్చేసింది.

మెట్లదారి
నడక గంట తర్వాత రోజంతా కుర్చీలోనే ఉంటే? నాది అదే పరిస్థితి, మొత్తం అడుగులు నడకలోవే.

బాటసారి_2
అది పెద్ద చిల్లే. 1999లో జేమ్స్ లెవిన్ బృందం 16 మందికి ఎనిమిది వారాలు రోజుకి 1,000 కేలరీలు అదనంగా తినిపించింది. కొందరికి తక్కువ కొవ్వు చేరింది, కొందరికి చాలా ఎక్కువ. తేడా ఎక్కువగా వచ్చింది వ్యాయామం కాని కదలికల దగ్గర. లేవడం, తిరగడం, కుదురుగా కూర్చోకపోవడం. ఒకరిలో ఆ ఖర్చు రోజుకి 692 పెరిగింది, ఇంకొకరిలో 98 తగ్గింది.

వాచీలో గంటవారీ అడుగుల గ్రాఫ్ చూడండి. పొద్దున ఒక్క గోడ లేచి తర్వాత అంతా నేలమట్టంగా ఉంటే, గంటకి 250 అడుగుల గుర్తు పెట్టుకోండి. రెండున్నర నిమిషాల పని. పది గంటలకి 2,500 అడుగులు, కిలోమీటరున్నర పైనే. పొద్దున అలసిపోయి సాయంత్రం పడుకుండిపోయే నడక కన్నా, 45 నిమిషాలు నడిచి ఈ 2,500 కలిపేది ఎక్కువ ఇస్తుంది.

మెట్లదారి
గుర్తు ఏ నిమిషానికి పెట్టాలి?

బాటసారి_2
చాలా వాచీల్లో ప్రతి గంటా 50వ నిమిషానికి మోగుతుంది. మీటింగులు గంట కొట్టగానే మొదలవుతాయి కాబట్టి ఆ పది నిమిషాలు దొరుకుతాయి.